ట్రైలర్ అడుగున నడిచినవాడు

అక్టోబర్ 14, సోమవారం

ఇరవై రెండేళ్లుగా "ప్రభువు నాతో చెప్పాడు" అంటూ పదిమంది ముందు బల్ల గుద్దుతున్నావే, ఆయన ఒక్కసారైనా చెప్పాడా? లోవెల్, నిన్నే అడుగుతున్నాను. నువ్వు తప్ప ఎవరూ తెరవని పుస్తకమిది. ఇందులో కూడా అబద్ధమాడి ఎవర్ని మెప్పిద్దామని?

చెప్పలేదు. ఒక్క మాట లేదు, ఒక్క కల లేదు. యాకోబు తలకింద రాయి పెట్టుకుంటే ఆకాశంలోంచి నిచ్చెన దిగింది. నేను మెత్తటి దిండు పెట్టుకుంటే తెల్లారుతుంది, అంతే. నేను ఏ బడిలోనూ వాక్యం నేర్వలేదు. లారీ సీట్లో కూర్చుని, సరుకు దించే దాకా చదివి నేర్చుకున్నాను. గొంతు ఒక్కటే పుట్టుకతో వచ్చింది. ఆ గొంతుతో లేనిదాన్ని ఉన్నట్టు చెప్పాను. విన్నవాళ్లు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం దొంగది కాదు.

చాలు.

అక్టోబర్ 15

పై పేజీ చింపలేదు.

అక్టోబర్ 19, శనివారం

నాకు పనిచ్చిన చక్కెర మిల్లు మార్చి దాకా నడుస్తుంది. కాబట్టి మేమూ మార్చి దాకా ఇక్కడే. ఈ వేళ మేం కాపురముండే ట్రైలర్ బండి అడుగుకు దడి మొదలుపెట్టాను. నేలకీ ట్రైలర్ పొట్టకీ మధ్య మోకాలెత్తు ఖాళీ. అక్కడ గాలి దూరితే నీటి గొట్టాలు ఒక్క పూటలో రాయైపోతాయి. లోపల గులాబీరంగు థర్మోకోల్ పలకలు, బయట ప్లైవుడ్, ఆ పైన ఎలాగూ మంచు తనే వచ్చి పేరుకుంటుంది. ఇలాంటి బళ్లు నిలిపే ఈ పార్కులో మిగిలిన పదకొండూ ఇదే పనిలో ఉన్నాయి. మిగతావాళ్లు ఎప్పుడో దక్షిణానికి పోయారు.

పక్క బండి ట్వైలా సిగరెట్ ముట్టించుకుని వచ్చి నిలబడింది. మిల్లులో సున్నపు బట్టీ దగ్గర పని ఆమెకి.

"ఏంటి ప్రీచరూ, చక్రాలకి చలేస్తోందా?"

"సిస్టర్ ట్వైలా, వచ్చి ఈ పలక కాస్త పట్టుకోండి."

"నేను నీకు సిస్టర్ని ఎప్పుడయ్యాను? మా అమ్మ వింటే తన లెక్క ఎక్కడ తప్పిందా అని కంగారు పడుతుంది." అంటూనే వచ్చి పట్టుకుంది. "కింద గ్యాస్ హీటర్ పెడతావా?"

"పెడతాను. గొట్టాలకి."

"అయితే రెండు మూలల్లో జానెడేసి కంతలు వదులు. మంట కూడా ఊపిరి తీసుకోవాలి. ప్రసంగం మధ్యలో నువ్వు తీసుకోవు గానీ, అది తీసుకుంటుంది."

కిటికీలోంచి మా ఆవిడ డెలోరిస్ నవ్వింది. నేనూ నవ్వాను. రెండు కంతలు వదిలాను.

అక్టోబర్ 21

ఆఖరి పలక లోపలి నుంచి బిగించాల్సి వచ్చింది. వెల్లకిలా పడుకుని పాక్కుంటూ వెళ్లాను. బయట ప్లైవుడ్ ఇంకా కొట్టలేదు, మధ్యాహ్నపు ఎండ పలకల గుండా దిగి లోపలంతా గులాబీ వెలుగు. చేతులు నావి కావన్నట్టు గులాబీగా ఉన్నాయి. మట్టి వాసన, ఎండు గడ్డి వాసన. పైన డెలోరిస్ నడుస్తోంది. పొయ్యి దగ్గర్నుంచి బల్ల దాకా, బల్ల దగ్గర్నుంచి మంచం దాకా. ఎడమ కాలు కాస్త ఈడుస్తుందని నాకిప్పుడే తెలిసింది. పెళ్లై ముప్పై నాలుగేళ్లు. ఆమె నడకని కింద నుంచి వినడం ఇదే మొదటిసారి.

ఎంతసేపున్నానో తెలియదు. మర చేతిలోనే ఉంది. దేవుడు మనుషుల్ని ఇలాగే వింటాడేమో అనిపించింది. కాదు, ఆయన పైనుంచి కదా వినేది.

నవంబర్ 2

పని, తిండి, నిద్ర. మిల్లు ముందు చక్కెర దుంపల గుట్ట చర్చి గోపురమంత ఎత్తయింది. మిల్లు పొగ తెల్లగా, తియ్యగా, మట్టిగా ఊరి మీద పడుకుంటుంది. వాక్యం చదివాను. వాక్యం చదివింది చదివినట్టే ఉంది.

నవంబర్ 9, శనివారం

సున్నాకి నాలుగు డిగ్రీలు కింద. దడి కట్టాక ట్రైలర్ ఊగడం మానేసింది. ఇదివరకు ఒకరు లేచి నీళ్లు తాగితే రెండోవాళ్లు పడవలో ఉన్నట్టు ఊగేవాళ్లు.

"కాళ్ల దగ్గర గాలి కొడుతోంది లోవెల్," అంది డెలోరిస్.

ఉత్తరం మూల కంతలో గోనెసంచి కుక్కాను.

నవంబర్ 12

దక్షిణం మూల కంత కూడా మూసేశాను. ట్వైలాది అతి జాగ్రత్త. బట్టీ దగ్గర పనిచేసేవాళ్లకి అంతటా బట్టీయే కనిపిస్తుంది. నోవహు ఓడకి నీళ్లు దూరకుండా లోపలా బయటా తారులాంటి కీలు పూయమని ఆజ్ఞ. లోపలా, బయటా. సందు వదలమని కాదు.

ఇప్పుడు నేల వెచ్చగా ఉంది. సింకు కింద గొట్టం దిగేచోట నేలలో పిడికిలంత సందుంది. అందులోంచి వెచ్చదనం పైకి లేస్తుంది. డెలోరిస్ పీట వేసుకుని అక్కడ చేతులు కాచుకుంటోంది. సంతోషంగా ఉంది. ఆ సంతోషం చూడటానికే కదా ఇంత పని.

నవంబర్ 14

ఉల్లిపాయలు వేయిస్తుంటే గోడమీది గ్యాస్ అలారం డబ్బా కూతపెట్టింది. కిటికీ తీస్తే ఆగింది, మూస్తే మళ్లీ మొదలు. ప్రార్థనలోనూ అదే గోల. పీకి చెంచాల సొరుగులో పడేశాను. ఈ పార్కులో అందరి డబ్బాలూ సొరుగుల్లోనే ఉన్నాయి. ఐదేళ్లు దాటితే ఊరికే కూస్తాయి అవి.

నవంబర్ 16, శనివారం

మెల్లగా రాస్తాను.

పొద్దున్నుంచీ మంచు. అడుగున్నర పేరుకుంది. పారతో ఎత్తి దడి చుట్టూ తట్టి తట్టి కుప్ప వేశాను. ఇక సూది దూరదు. లోపలికొచ్చి కోటు విప్పి బల్ల దగ్గర కూర్చున్నాను. డెలోరిస్ అల్లుకుంటోంది. కిటికీ బయట తెల్లదనం కిందికి రావడం లేదు, మేమే పైకి వెళ్తున్నాం అనిపించింది. ట్రైలర్ మెత్తగా, చప్పుడు లేకుండా లేచిపోతోంది.

అప్పుడు కింద ఎవరో నడిచారు.

పొయ్యి కింద మొదలై, బల్ల కింద నుంచి, మంచం దాకా. తొందర లేదు. అడుగు, ఆగడం, అడుగు. అక్కడ మోకాలెత్తే ఉందని నాకు తెలుసు. మనిషి నడవలేడని తెలుసు. నేల మీద మోకరించి చెవి ఆనించాను. వెచ్చగా ఉంది, నిద్రపోతున్న పశువు డొక్కలా. ఆయన ఆగాడు. సరిగ్గా నా చెవి కింద ఆగాడు.

నన్ను పేరు పెట్టి పిలవలేదు. నాకు కన్నీళ్లు ఆగలేదు.

"ఏమైంది?" అంది డెలోరిస్.

"విన్నావా?"

ఆమె అల్లిక ఒళ్లో పెట్టుకుంది. "నీళ్లు పారుతున్నట్టుంది. మా నాన్న పొలంలో మంచు కరిగి కాలవ పారేది చూడు, అలా."

"అదే. అదే డెలోరిస్."

మేమిద్దరం నేల మీద చేతులు పట్టుకు కూర్చున్నాం. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఎంతసేపో తెలియదు. కాఫీ చల్లారిపోయి ఉంది.

ఇరవై రెండేళ్లు. ప్రభువా, ఇరవై రెండేళ్లు.

నవంబర్ 17

తలపోటు. ఇద్దరికీ. దర్శనం చూశాక దానియేలు కూడా కొన్నాళ్లు జబ్బుపడ్డాడు.

నవంబర్ 20

మిల్లులో పన్నెండు గంటలు. తల తేలికైంది, ఆకాశం మూగదైంది. ఇంటికొచ్చి తలుపు మూసి గంట కూర్చుంటే మళ్లీ ఆ మెత్తదనం, ఆ అడుగులు. లోకంలోకి వెళ్తే తెర పడుతుంది. ఇంతకంటే తేటగా ఎలా చెప్తాడు?

నవంబర్ 24, ఆదివారం

ఈ వేళ మా ట్రైలర్లోనే ప్రార్థన కూటం. ఐదుగురొచ్చారు. మిల్లు నుంచి ముగ్గురు, ట్వైలా, ఇంకా రూబెన్. రూబెన్ టెక్సస్ నుంచి దుంపల కోతకి వచ్చి, భార్య యొలాండాతో రెండో వరసలో ఉంటున్నాడు. ఎద్దులాంటి మనిషి. సెలవు వస్తే తాగి మంచులో పడుకునే రకం. ట్వైలా వచ్చింది కాఫీ కోసం, దాచుకోకుండా చెప్పింది.

ఈ ఒక్కరోజు నేను అరవలేదు. అరవాల్సిన పని పడలేదు. నేల కింద నడిచేవాడి గురించి చెప్పాను. ఆయన పైనుంచి రాడు, మన చెప్పుల కింద నుంచి వస్తాడు, చెవి కిందికి వంచినవాడికే వినబడతాడు అని. తర్వాత అందరం చెవులు నేలకి ఆనించాం. గంటన్నర. అంత పెద్ద మౌనం నా జన్మలో ఎరగను. రూబెన్ భుజాలు అదరడం చూశాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మిల్లు మనిషొకడు లేచి వెళ్లి మంచులో వాంతి చేసుకున్నాడు. అతనిలోని పాత మనిషి బయటికి పోతున్నాడని చెప్పాను.

ట్వైలా రెండుసార్లు సిగరెట్‌కి బయటికెళ్లి వచ్చింది.

"నీ ప్రభువు నా నెత్తి మీద సుత్తి పెట్టి కొడుతున్నాడు ప్రీచరూ. బయటికెళ్తే ఆపేస్తున్నాడు. లోపలికొస్తే మళ్లీ మొదలుపెడుతున్నాడు. ఆ కంతలు తెరిచే ఉన్నాయా?"

"కూటం మధ్యలో కంతల గొడవేంటి సిస్టర్?"

"అంటే మూసేశావన్నమాట."

"మంచు పడింది. కాస్త కప్పేసి ఉంటుంది. చూస్తాను."

"ఈ వేళే చూడు," అని వెళ్లిపోయింది. వెటకారం ఆడలేదు.

అందరూ వెళ్లాక రూబెన్ ఆగాడు. "బ్రదర్, మా ట్రైలర్లో ఎందుకు నడవడు ఆయన? మా ఇంట్లో గాలి తప్ప ఏమీ వినపడదు."

"గాలి వినపడుతోందంటే నీ ఇంటికి ఎన్ని కంతలున్నాయో చూసుకో," అన్నాను. "లోకం దూరే ప్రతి సందూ మూయి. అప్పుడు విను."

అది వాక్యంలో ఉన్న మాట కాదు. నోటికి వచ్చింది, అన్నాను.

నవంబర్ 25

ఫలహారం గంటలో రూబెన్ ఎదురొచ్చాడు. "అడుగున హీటర్ దగ్గరి కంతలతో సహా అన్నీ మూసేశాను బ్రదర్. గడ్డి కుక్కి, పైన మంచు తొక్కేశాను." ముఖం వెలిగిపోతోంది. సీసాలు చెత్తలో పారేశాడట.

నవంబర్ 28, గురువారం

కృతజ్ఞతా పండుగ. టర్కీ ఫ్రిజ్‌లోనే ఉంది. ఇద్దరికీ ఆకలి లేదు.

డెలోరిస్ మధ్యాహ్నం దాకా పడుకుంది. బుగ్గలు ఎర్రగా, కొత్తగా పెళ్లైన పిల్లలా. ఎంత అందంగా ఉందో. లేపబుద్ధి కాలేదు. పక్కన కూర్చుని చూస్తూ ఉన్నాను. అలా చూస్తూ ఉండగానే గోడలు పలచబడ్డాయి.

నేను దిగాను. మెట్లు లేవు, అయినా దిగాను. నేల లోపల ఊరంత పొలం ఉంది. పైన మంచు పైకప్పులా పరుచుకుని, దాని గుండా గులాబీ వెలుగు దిగుతోంది. తవ్వకుండా వదిలేసిన దుంపలన్నీ వరసలు వరసలుగా వేలాడుతున్నాయి, ఒక్కొక్కటి లోపల చిన్న దీపంతో. వాటి మధ్య నడుస్తున్నాను. నా అడుగుల చప్పుడు ఎవరో పైనుంచి వింటున్నారని తెలుస్తోంది. ముందు ఒకాయన వెళ్తున్నాడు. ఆయన వీపు కనిపిస్తోంది. పాత కోటు, భుజాల మీద మట్టి. పిలిస్తే తిరుగుతాడు. పిలుద్దామంటే గొంతు లేదు. నా గొంతు, నేనంటేనే ఆ గొంతు, అది లేదు. అయినా భయం వేయలేదు. దీపాలు ఊగుతున్నాయి. ఎక్కడో డెలోరిస్ వాళ్ల నాన్న కాలవ పారుతోంది.

లేచేసరికి కిటికీలు చీకటిపడ్డాయి. నోట్లో ఇనుము రుచి. డెలోరిస్ ఇంకా పడుకునే ఉంది. భుజం పట్టి ఊపితే కళ్లు తెరిచి, "బస్సు వచ్చిందా?" అంది.

ఆయన ముఖం ఒక్కటే చూడాలి. ఒక్కసారి తిరిగితే చాలు.

నవంబర్ 29, శుక్రవారం

సున్నపు బట్టీ దగ్గర ఊడ్చే పని వేశారు. అక్కడ గోడకి ఒక బోర్డుంది. వాసన లేని గ్యాస్, అది పట్టినవాళ్లకి ఏమవుతుంది అని. తలపోటు. మత్తు. కడుపులో తిప్పడం. ఎర్రబారిన ముఖం. లేనివి వినబడటం, కనబడటం. ఆఖరి పంక్తి చదవలేదు. గంట మోగింది.

ట్వైలా కోటు మీద అగ్గిపెట్టెంత యంత్రం తగిలించుకుని ఉంటుంది. ఆ గ్యాస్ సోకితే అది అరుస్తుంది.

"చదువుకో ప్రీచరూ," అంది. "అది కూడా వాక్యమే."

నవంబర్ 30

ఆ బోర్డు బట్టీ దగ్గర పనిచేసేవాళ్ల కోసం పెట్టింది. మా ఇంట్లో బట్టీ లేదు.

డిసెంబర్ 1, ఆదివారం

పార పట్టుకుని ఉత్తరం మూలకి వెళ్లాను. మంచు తవ్వాను. గోనెసంచి కొస కనిపించింది. దాని మీద చేయి వేశాను. గడ్డకట్టి గట్టిగా ఉంది. లాగితే వస్తుంది.

లాగలేదు.

బుధవారం కూటం ఉంది. అది అయ్యాక తీస్తాను. మూడు రోజులు. ఇన్నాళ్లు ఏమీ కాలేదు, మూడు రోజుల్లో ఏమవుతుంది? డెలోరిస్‌ని రోజూ కాసేపు బయట నడవమని చెప్తాను. ఆయన ఇంకా తిరగలేదు. నేను ఎవరి వెనక నడిచానో చూడకుండా ఈ సంచి లాగేయమంటే ఎలా?

పక్కింటివాళ్లు చూస్తారని మంచు మళ్లీ కప్పేశాను.

డిసెంబర్ 2

డెలోరిస్ చేతిలోంచి కప్పు జారింది. జారినట్టు ఆమెకి తెలియలేదు. చేయి అలాగే పట్టుకున్నట్టుంది. వయసు.

బయట నడవమంటే, "నువ్వు వచ్చాక వెళ్దాంలే," అంది.

రూబెన్ అన్నాడు, "యొలాండాకి పాటలు వినిపిస్తున్నాయి బ్రదర్. పొద్దున లేవలేకపోతోంది, ఎంత హాయిగా పడుకుంటుందో." నేను తలూపాను. దేవుడు నా మెడని అక్కడే ఆపేయాల్సింది.

డిసెంబర్ 5, గురువారం. ఆసుపత్రి

నిన్న జరిగింది.

మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చాను. వెనకాలే ట్వైలా, మా గిన్నె తిరిగిద్దామని, బట్టీ కోటు విప్పకుండానే. నేను తలుపు తీశాను. ఆమె మెట్టు మీద కాలు పెట్టింది. కోటు మీది యంత్రం అరిచింది.

డెలోరిస్ మంచానికీ బల్లకీ మధ్య నేల మీద ఉంది. నేను నేర్పినట్టే. చెవి నేలకి ఆనించి, ఒక చేయి బుగ్గ కింద పెట్టుకుని. పెదాలు గులాబీరంగు. వింటున్నట్టే ఉంది. నిజంగా వింటోందనే అనుకున్నాను. అరక్షణం నాకు అసూయ కూడా కలిగింది.

ట్వైలా నన్ను పక్కకి తోసేసింది. ఊపిరి బిగబట్టి దూరి, చంకల కింద చేతులేసి లాగింది. "నిలబడి ప్రార్థన చేస్తున్నావా? కాళ్లు పట్టుకో." పట్టుకున్నాను. మంచులో పడుకోబెట్టాం. డెలోరిస్ జుట్టు మంచులో పరుచుకుంది. ట్వైలా ఆమె చెంపలు తడుతూ, ఫోన్లో అరుస్తూ, మధ్యలో నన్ను తిడుతూ ఉంది. నేను ఉత్తరం మూలకి పరిగెత్తి గోనెసంచి లాగాను. ఒక్క గుంజుకి వచ్చింది. దాని వెనక ప్లైవుడ్ పీకాను, గులాబీ పలకలు గుప్పిళ్లతో విరిచాను. లోపల హీటర్ మంట నీలంగా లేదు, పసుపుగా, ఊపిరాడనట్టు ఎగురుతోంది. గొట్టం సందులోంచి పైకి పోయింది ఆ మంట వదిలిన గ్యాసే. ఆ సందు దగ్గరే ఆమె చేతులు కాచుకునేది.

మంట ఆర్పేశాను. అడుగుల చప్పుడు ఇంకా వినిపించింది. వేడెక్కిన ఇనుప చట్రం చల్లారుతూ టక్కు, టక్కుమంటోంది. పొయ్యి కింద, బల్ల కింద, మంచం కింద.

ఈ పొద్దున కళ్లు తెరిచింది. ముఖానికి ఆక్సిజన్ తొడుగు. డాక్టరు బతుకుతుందన్నాడు. చేతిపట్టు వస్తుందో లేదో చూడాలన్నాడు.

తొడుగు కాస్త పక్కకి జరుపుకుని అడిగింది, "కింద ఎవరూ లేరు కదూ?"

"లేరు. హీటర్."

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

నా వంక చూస్తూనే ఉంది.

"ఆదివారం. సంచి మీద చేయి కూడా వేశాను."

ఇంకా చూస్తోంది.

"శుక్రవారం," అన్నాను. "బట్టీ దగ్గర బోర్డు చదివినప్పుడే."

కళ్లు మూసుకుంది. కళ్లు తెరవకుండానే, "ఓడకి కీలు పూయమన్నవాడే కిటికీ కూడా పెట్టమన్నాడు లోవెల్. ఆ ముక్క నువ్వు ఎప్పుడూ చదవవు," అంది. మందలింపులా లేదు, మరిచిపోయిన ఉప్పు గుర్తు చేసినట్టుంది. తర్వాత, నిద్రలోకి జారుతూ: "నాకు కింద నడిచేది నువ్వే అనిపించేది. పలకలు బిగిస్తున్నావేమో అని. పైకి రమ్మని చెప్దామని చెవి పెట్టాను."

ఇరవై రెండేళ్లు ఆయన్ని వెతికాను. ఆమె ఈ మూడు వారాలూ నన్ను వెతికింది, నేల మీద పడి.

సాయంత్రం ట్వైలా వచ్చింది. డెలోరిస్ నిద్రపోతోంది.

"రూబెన్ వాళ్లకి చెప్పావా? వాళ్లూ మూసేసుకున్నారని విన్నాను."

"చెప్పాను."

"మంచిది," అంది. కుర్చీలో కూర్చుని కోటుతోనే నిద్రపోయింది. పాపం రెండు షిఫ్టులు చేసింది.

చెప్పలేదు. ఎలా చెప్తాను? ఆ మనిషి నా ట్రైలర్లో విన్నదాన్ని పట్టుకుని సీసా వదిలేశాడు. అది దేవుడు కాదు, సరిగా మండని గ్యాస్ అని చెప్తే మళ్లీ మంచులో పడుకుంటాడు. ఒక ఆత్మ సంగతి. ఇలాంటిది తొందరపడి చెప్పేది కాదు. తగిన మాటలు దొరకాలి. ఆదివారం కూటంలో, అందరి ముందు, పద్ధతిగా చెప్తాను. వాళ్లు గడ్డే కదా కుక్కింది, గడ్డిలోంచి గాలి ఆడుతుంది.

డిసెంబర్ 6, శుక్రవారం. తెల్లవారింది

పై పేజీ ఇప్పుడే చదివాను. "మూడు రోజుల్లో ఏమవుతుంది" అని రాసిన చేయీ ఇదే, "ఆదివారం చెప్తాను" అని రాసిన చేయీ ఇదే. అక్షరం కూడా మారలేదు.

గడ్డి మీద మంచు తొక్కేశానని రూబెన్ నాతో చెప్పాడు. నేనే రాసుకున్నాను. నిన్నటికి అది మర్చిపోయాను, మర్చిపోవడం నాకు బాగా వచ్చు.

కల కన్నాను, కల కన్నాను అంటూ జనాన్ని పక్కదారి పట్టించేవాళ్ల మీద యిర్మీయా నిప్పులు చెరిగాడు. ఆ మాటలు ఎన్ని ఊళ్లలో అరిచానో. ఎప్పుడూ ఎదుటివాడి వైపే వేలు చూపాను.

రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఈ వేళ రూబెన్‌కి సెలవు. ఇద్దరూ తలుపు మూసుకుని ఇంట్లోనే ఉంటారు. నేను చెప్పినట్టే.

అతను మళ్లీ తాగితే తాగనీ. తాగడానికైనా బతికుండాలి. నన్ను దొంగ ప్రవక్త అంటే అననీ, అది నిజమే కాబట్టి నా జన్మలో మొదటి నిజం అతని నోటి నుంచే వస్తుంది.

లోవెల్, రాయడం ఆపు. నర్సుతో చెప్పి అగ్నిమాపకం వాళ్లకి ఇప్పుడే ఫోన్ చేయించు, రెండో వరస, నాలుగో ట్రైలర్. ట్వైలాని లేపు, నిన్న అబద్ధమాడానని చెప్పు, బండి తీయించు. వాళ్లు తలుపు తీయకపోతే కిటికీ పగలగొట్టు. ముందు గాలి, తర్వాత సాక్ష్యం. మాటలు వెతక్కు, ఆదివారం కోసం చూడకు, మోకరించి సెలవు అడక్కు. ఈ రోజే. ఈ నిమిషమే. లే.